రేకుల ఫ్యాక్టరీ కేసులు పట్టుకున్న పాపకు

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. కంపెనీ ఉద్యోగం మానేసి, ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసి ఇప్పుడు ఆయాసపడుతున్న పద్నాలుగు మంది కేసులు పట్టుకున్నావట. "నీ మేనకోడలికి నువ్వే బుద్ధి చెప్పు" అంది. సరేనని ఫోన్ పెట్టేసి, మీ అత్త వైపు తిరిగి "చూశావా, నా మేనకోడలు" అన్నాను. ఇక వద్దని చెప్పే ముఖం నాకెక్కడిది? యూనియన్ ఆఫీసులో ఇరవై ఏళ్లు ఇవే కాగితాలు రాసినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు చెబుతా.

పరిహారం అడగడానికి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు ఉన్నవాళ్లది ఈఎస్ఐ దారి, లేనివాళ్లది లేబర్ కమిషనర్ దారి. మా కాలంలో 1923 నాటి కార్మికుల పరిహార చట్టం, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ అంటున్నారు. పేరేదైనా, ఆస్బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. ఎక్స్‌రే ఫిల్ములు అసలువి ఎవరి చేతికీ ఇవ్వొద్దు. పీఎఫ్ చీటీ, గేటు పాసు, ఏది దొరికితే అది తీసుకో. కాంట్రాక్టు కింద చేసినవాళ్ల దగ్గర ఏ కాగితమూ ఉండదు. వాళ్లను ఆయుధపూజ ఫోటో అడుగు. మిషన్‌కు కుంకుమబొట్లు పెట్టి, ముందు వరసగా నిలబడి తీయించుకున్న ఫోటో ఇంటికొకటి ఉంటుంది.

ఆస్బెస్టాస్ కార్మికుల మీద 1995 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి లా చదివినదానికి నేను చెప్పాలా? అయినా చెబుతా. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా యాజమాన్యం దాచాలని అందులో ఉంది. ముందు ఆ రికార్డు అడుగుతూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పెట్టు. ఇస్తే ఒక లాభం, లేదని రాసిస్తే ఇంకో లాభం.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ అమ్మకు కూడా తెలీదు.

ఆయన్ని సంచులాయన అనేవాళ్లం. ఫ్యాక్టరీకి ఆస్బెస్టాస్ నార గోనె సంచుల్లో వచ్చేది. వాటిని కత్తితో కోసి మిక్సింగులో కుమ్మరించడం ఆయన పని. సాయంత్రం బయటికొచ్చేసరికి తలా, కనుబొమలూ తెల్లగా ఉండేవి. "పెళ్లికొడుకొచ్చాడ్రా, తలంబ్రాలు దులపండి" అని గేటు దగ్గర నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను పాపా.

1986లో ఆయనకు ఆయాసం మొదలైంది. సైకిల్ తొక్కలేడు, మెట్లెక్కలేడు. డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ కావచ్చన్నాడు. తెమడ పరీక్షలో ఏమీ రాలేదు. "ఇంకో డాక్టరుకు చూపిద్దామా?" అని ఆయనే నన్ను అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "టీబీ అనే రాయించుకో అన్నా, టీబీకైతే ఎక్కువ రోజులు సెలవు డబ్బు వస్తుంది" అన్నాను. ముగ్గురు ఆడపిల్లలున్న ఇల్లు, నెల తిరిగేసరికి డబ్బు రావాలి, నాకు తోచింది అంతే. ఫారం నేనే నింపాను. జబ్బు: క్షయ. పని: హెల్పర్. రిజిస్టరులో ఆయన హెల్పరే మరి.

పదేళ్ల తర్వాత, ఆ తీర్పు వచ్చిందని తెలిసి మళ్లీ కదిలాం. మెడికల్ బోర్డు ముందు ఆయన స్టూలు మీద కూర్చుంటే ఊపిరి చప్పుడు గదంతా వినిపించింది. డాక్టరు ఫైలు తిప్పి, "ఈయన టీబీ రోగి, హెల్పర్. నార దగ్గర పనిచేశాడని ఎక్కడుంది?" అంటూ ఆ ఫారం నా ముందు పెట్టాడు. నా దస్తూరీ. బళ్లో అయ్యవారు మెచ్చుకుని అందరికీ చూపించిన దస్తూరీ. వాళ్లను తిట్టి ఏం లాభం, కాగితం అలా ఉంది. తోటి పనివాళ్ల సాక్ష్యాలు కూడగట్టి మళ్లీ వేద్దామనుకునేలోపే ఆయన పోయాడు. ఆసుపత్రి ఇచ్చిన చావు కాగితంలోనూ టీబీయే. ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు. రెండో పిల్ల పెళ్లికి శుభలేఖ కూడా తెచ్చిచ్చింది. పోలేకపోయాను.

అందుకే ఎవరినీ హోదా అడగొద్దు. గేటు లోపలికి పోయాక చేత్తో ఏం పట్టుకునేవాడివి అని అడుగు, వాళ్లు ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాయి. పాత చీటీల్లో టీబీ అని ఉంటే దాచకు, నువ్వే ముందు బయటపెట్టి పక్కన తెమడ పరీక్ష ఫలితం పెట్టు. దుమ్ము జబ్బుల ఎక్స్‌రే చదవడం తెలిసిన డాక్టరును వెతుకు. అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. ఆ తీర్పులో లక్ష రూపాయలు ఇవ్వమన్నది కూడా ఆ సంస్థ నిర్ధారించిన కార్మికులకే.

పరిహారం అడిగే గడువు తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర రాదు. ఈ జబ్బు పదిహేను, ఇరవై ఏళ్లు ఊపిరితిత్తుల్లో పడుకుని ఉంటుంది. మెసోథీలియోమా అనే క్యాన్సరైతే ముప్పై, నలభై ఏళ్లు. చట్టమేమో రెండేళ్లు లెక్కపెడుతుంది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది కాబట్టి, జబ్బు అసలు పేరు మొదటిసారి రాసిన చీటీ ఎక్కడుందో ప్రతి ఇంట్లోనూ వెతికించు.

ఒక్కదానికి మాత్రం నా మీద ఒట్టు. ఏదో ఇంట్లో ఓ అవ్వ "మా ఆయన పని బట్టలు దాచినా" అని మూట తెస్తుంది. సాక్ష్యం దొరికిందని సంబరపడి విప్పొద్దు, దులపొద్దు. తడిపి ప్లాస్టిక్ సంచిలో కట్టెయ్యి. ఆ బట్టలు ఉతికి ఉతికి దగ్గు తెచ్చుకున్న ఆడవాళ్లుంటారు. వాళ్లు కార్మికులు కారు, ఈ చట్టంలో వాళ్లకు చోటు లేదు. పేర్లు మాత్రం రాసిపెట్టు, సివిల్ కోర్టు సంగతి నువ్వే ఆలోచించు.

చిన్నప్పుడు పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి గనుల రాయి మా చేతికొచ్చేది. రాతినార అనేవాళ్లు, అదీ ఆస్బెస్టాసే. పీచు పీకి ఒత్తిలా పేని దీపంలో పెడితే నూనె అయిపోయినా ఒత్తి కాలేది కాదు. మీ అవ్వ దేవుడి మహిమ అని దండం పెట్టుకునేది. నా పక్కన కూర్చుని మీ అమ్మ కూడా పేనింది. ఫోన్‌లో తను దగ్గినప్పుడల్లా నాకు టెన్షన్. ఒకసారి ఎక్స్‌రే తీయించు. గొడవ చేస్తుంది, అయినా తీయించు.

పొద్దున తినకుండా ఆ ఇళ్ల చుట్టూ తిరగొద్దు. మీ అత్త నువ్వుల పొడి పంపుతోంది. ఆ డబ్బా కింద కవరులో 1986 నాటి ఫారం జిరాక్సు పెట్టాను. ఎవరిదో నీకు దస్తూరీ చూస్తేనే తెలుస్తుంది.

మీ మామ