పాత కాగితాలు స్కాన్ చేసే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి చరిత్రలో ఎం.ఏ. చేసింది. ఆర్కైవ్స్‌లో ఉన్న పాత రికార్డులను పరిశోధకుల కోసం వెతికి, డిజిటైజ్ చేసి పంపే చిన్న సంస్థలో చేరింది. పొద్దస్తమానం స్కానర్ ముందు కూర్చోవడానికి ఇంత చదువు ఎందుకని ఇంట్లో అందరూ అంటున్నారు. ఏఐ వచ్చాక ఆ పని కూడా ఉండదేమోనని నాకు భయంగా ఉంది. మాన్పించి టీచర్ ట్రైనింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, తొందరపడి మాన్పించకండి. ఆ ఉద్యోగంలో అమ్మాయి ఏం నేర్చుకుంటోందో ముందు కనుక్కోండి. ఈ పనిలో కొందరు ఎన్నేళ్లయినా బటన్ నొక్కే దగ్గరే ఉండిపోతారు. కొందరిని మాత్రం పరిశోధకులు పేరు పెట్టి అడిగి మరీ పని అప్పగిస్తారు.

ఆ సంస్థకు పని ఇచ్చేవాళ్లు ఎవరో చూడండి. థీసిస్ రాసేవారు, పుస్తకం రాసేవారు, భూమి తగాదాలో పాత పత్రం కావాల్సిన లాయరు, తాతముత్తాతల వివరాలు వెతుక్కునేవారు. వీళ్లలో చాలామంది ఆ ఆర్కైవ్స్ గడప తొక్కరు, అసలు కాగితాన్ని కళ్లతో చూడరు. మీ అమ్మాయి పంపిన బొమ్మనే నమ్మి అధ్యాయం రాస్తారు, కోర్టులో వాదిస్తారు. వాళ్లు డబ్బిచ్చేది ఆ నమ్మకానికి.

2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టారు. కొన్ని జిరాక్స్ ఆఫీసు యంత్రాలు స్కాన్ చేసేటప్పుడు ఏకంగా అంకెలనే మార్చేస్తున్నాయి. ఒక ఇంటి ప్లాన్‌లో మూడు గదుల వైశాల్యాలు వేర్వేరుగా ఉంటే, స్కాన్‌లో మూడింటికీ 14.13 చదరపు మీటర్లే కనిపించింది. ఫైలు సైజు తగ్గించడానికి వాడిన జేబిగ్2 పద్ధతి, ఒకేలా కనిపించే ముక్కలను ఒక్కసారే దాచి మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది. దాంతో 6 ఉన్నచోట 8 వచ్చి కూర్చుంది. అక్షరం మసకబారి ఉంటే మనకే అనుమానం వస్తుంది. ఇక్కడ అంకె శుభ్రంగా, తప్పుగా ఉంది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది కానీ, అప్పటికే స్కాన్ అయిపోయిన కాగితాల సంగతి ఏమిటి?

అందుకే ఈ రంగంలో మాస్టర్ ఫైలును, అంటే ఎప్పటికీ భద్రపరిచే అసలు ఫైలును, నాణ్యత ఏమాత్రం తగ్గని టిఫ్ లాంటి ఫార్మాట్‌లో దాస్తారు. క్లయింటు చదువుకోవడానికి జేపెగ్, పీడీఎఫ్ వేరుగా ఇస్తారు. ఎ4 కాగితాన్ని 400 పీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు), 24 బిట్ రంగులో తీస్తే కుదించని ఫైలు దాదాపు 46 ఎంబీ. వెయ్యి పేజీలంటే 46 జీబీ. అంత డేటాను ఎక్కడ దాచాలి, ఎన్ని కాపీలు ఉంచాలి, కాపీ చేసేటప్పుడు ఒక్క బిట్ కూడా మారలేదని చెక్‌సమ్‌తో (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యతో) ఎలా తేల్చుకోవాలి, ఇవన్నీ పనిలో భాగమే. బొమ్మ నాణ్యతను కొలవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థలు కలిసి తయారుచేసుకున్న ఫాడ్జీ మార్గదర్శకాలు, ఐఎస్ఓ 19264 ప్రమాణం ఉన్నాయి. అమ్మాయి వాటిని ఒకసారి తిరగేస్తే మంచిది.

పాత రిజిస్టరు ఒకటి ముందుకొచ్చిందనుకోండి. మొదట పెట్టె మీది లేబుల్‌ను, తర్వాత ఫోల్డర్ అట్టను ఫొటో తీయాలి. వెన్ను విరగకుండా రెండు వైపులా ఫోమ్ దిమ్మలు పెట్టి, అది ఎంతవరకు తెరుచుకుంటే అంతవరకే తెరిచి పైనుంచి కెమెరాతో తీయాలి. గాజు మీద బోర్లించి అదమకూడదు. పెళుసు కాగితాన్ని, కాగితాలను తనే లోపలికి లాక్కునే ఆటోమేటిక్ ఫీడర్లో పెట్టనే పెట్టకూడదు. చేతికి గుడ్డ తొడుగులు వేసుకోవాలని చాలామంది అనుకుంటారు గానీ, వాటితో వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. కాగితానికి శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. ఫొటోలకు, నెగెటివ్‌లకు మాత్రం నైట్రైల్ తొడుగులు తప్పనిసరి.

ఖాళీ పేజీని కూడా తీయాలి. 36 తర్వాత 38 కనిపిస్తే, 37 ఖాళీగా ఉందా, అసలులోనే చిరిగిపోయిందా, తీసినవాళ్లు దాటేశారా అన్నది పరిశోధకుడికి ఎలా తెలుస్తుంది? పేజీ మీద చీటీ అంటించి ఉంటే చీటీతో ఒకటి, చీటీ ఎత్తి ఒకటి తీయాలి. పెన్సిల్ రాత వెలిసిపోతే వెలుతురును పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడాలి. ఫైలు పేరులో పెట్టె, ఫోల్డర్, పేజీ నంబర్లు వరసగా ఉండాలి. ఇదంతా పద్ధతిగా చేసిన ఫైలు చేతికొస్తే పరిశోధకుడు ఫుట్‌నోట్ ధైర్యంగా రాసుకోగలడు. ఈ శ్రద్ధ ఉన్నవాళ్లంటే నాకు నిజంగా గౌరవం.

ఇక ఏఐ సంగతి. అచ్చు కాగితాలను కట్టలుగా స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో చదివించడం) చేయడమే పని అయితే, అందులో మనుషుల అవసరం తగ్గుతుంది. ఆ మాట దాచను. టెసరాక్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు అచ్చును కూడా చదువుతుంది. చేతిరాతను చదివేలా ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇవ్వవచ్చు. అయితే ఆ శిక్షణకు ముందుగా ఎవరో ఒకరు పేజీలు తప్పుల్లేకుండా చదివి టైపు చేసి ఇవ్వాలి. యంత్రం ఎక్కువగా తడబడేది ఊరి పేర్లు, మనుషుల పేర్లు, తేదీలు, లెక్కల దగ్గర. పరిశోధకుడికి కావాల్సినవి సరిగ్గా అవే. ఆ కాలపు సంక్షిప్తాలు, కొలతలు, ఆఫీసు పరిభాష తెలిసిన మనిషే వాటిని సరిదిద్దగలరు. మీ అమ్మాయి చదివిన చరిత్ర అక్కడే అక్కరకొస్తుంది.

కాబట్టి తను ముందుగా పాత చేతిరాతలు చదవడం సాధన చేయాలి. మిగతావన్నీ దాని తర్వాతే. మెటాడేటాకు, అంటే ప్రతి ఫైలు వెంట రాసే శీర్షిక, తేదీ లాంటి వివరాలకు, డబ్లిన్ కోర్ అనే ప్రామాణిక పట్టికలోని 15 అంశాలతో మొదలుపెడితే చాలు. వీలు చూసుకుని ఆర్కైవ్స్ లేదా లైబ్రరీ సైన్స్‌లో కోర్సు చేస్తే లైబ్రరీలు, మ్యూజియాలు, యూనివర్సిటీ ప్రాజెక్టుల వైపు దారి దొరుకుతుంది. హక్కుల విషయం కూడా తెలిసుండాలి. ఫొటో తీసుకోవడానికి ఆర్కైవ్స్ ఇచ్చిన అనుమతి, ప్రచురించుకోవడానికి అనుమతి కాదు. క్లయింటుకు ఆ మాట ముందే రాసి ఇవ్వాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. పని ఒక నెల ముంచెత్తుతుంది, ఇంకో నెల ఖాళీ. దుమ్ముకు మాస్కు పెట్టుకోవాలి. బూజు పట్టిన కట్టను విప్పకుండా సంరక్షణ నిపుణులకు అప్పగించాలి. అన్నిటికన్నా నాకు బెంగ పేజీకింత అని కట్టే జీతం గురించి. దానివల్ల వేగం పెరుగుతుంది, పేజీలు జారిపోతాయి, పెళుసు పుస్తకాలు దెబ్బతింటాయి. గంటల లెక్కన, లేదా నాలుగు పేజీలు తీసి చూశాక ధర చెప్పే పద్ధతి మంచిది.

అమ్మాయిని మూడు సంగతులు అడగండి. తను తీసిన పేజీలను అసలుతో పోల్చి సరిచూసేవాళ్లు ఉన్నారా? ఆర్కైవ్స్‌కు వెళ్లి రికార్డులు వెతికే పని తనకూ ఇస్తున్నారా? జీతం ఏ లెక్కన ఇస్తున్నారు? మొదటి రెండింటికీ అవునంటే, కనీసం ఏడాది అక్కడే ఉండనివ్వండి. ఆరు నెలలు గడిచినా ఫీడర్లో కాగితాలు పెట్టడం తప్ప వేరే పని రాకపోతే, ఇదే రంగంలో మరో చోటు చూసుకోమనండి. టీచర్ ట్రైనింగ్ ఆ తర్వాతైనా చేయవచ్చు.