పాండవుల గుట్టలకు పోయే ముందు

చిరంజీవి సాయికి,

మామ ఆశీస్సులు. నలుగురు దోస్తులతోని భూపాలపల్లి దిక్కున్న పాండవుల గుట్టల మీద పొద్దంత నడుస్తమని రాసినవు. పోండ్రి, కాని దసరా సెలవులల్ల వద్దు, వానలు పూర్తిగ పోవు. డిసెంబర్, జనవరి మంచిది. మార్చి దాటితే పొద్దున తొమ్మిదింటికే బండ కాలుతది, కింద నుంచి కూడ సెగ కొడ్తది.

మన హన్మకొండ పద్మాక్షి గుట్ట ఎక్కిన అలవాటుందని అంటవేమో. అది గ్రానైటు, ఇది ఇసుకరాయి. గ్రానైటు ఉల్లిపొరల లెక్క లేస్తది. చేత్తో కొడితే బోలుగ మోగిందంటే ఆ పలక మీద బరువు వేయొద్దు. ఇసుకరాయి రేణువులను పట్టి ఉంచే అతుకు తడిస్తే మెత్తబడ్తది, పట్టుకున్న అంచు చేతిలకే ఊడొస్తది. వాన ఎలిసినంక పైపైన ఎండినట్టు కనబడ్డా లోపల తేమ ఉంటది. అందుకే వాన పడితే రెండు రోజులు ఆగి పోవాలె. పొడి రోజున కూడ రాలిన ఇసుక ఉన్నకాడ భద్రం. గచ్చు మీద రాగులు పోసినట్టే, కాలు నిలువదు. నీళ్లు కారిన నల్ల చారల మీద పాకుడు ఉంటది, పక్క నుంచి పోవాలె.

అన్నిటికంటె ముఖ్యం దిగుడు. ఎక్కేటప్పుడు కండ్లు బండకు దగ్గరుంటయి, కాళ్లు బాగనే పట్టుకుంటయి. అదే వాలును పైనుంచి చూస్తే గోడ లెక్క కనబడ్తది, మోకాళ్లు వణుకుతయి. ఏ బండనైన పది అడుగులు ఎక్కి, ఆగి, అయిదు అడుగులు దిగి చూడు. దిగలేకపోతే అక్కడికే వెనుకకు. ఎగిరి దుంకే చోటు, సంచి ముందుగల కిందికి జారవిడిచే చోటు వచ్చిందంటే దారి తప్పినట్టే. దుంకినంక ముందట లోయ తగిలితే మళ్ల పైకి రాలేరు. దిగేటప్పుడు భయానికి వెనుకకు వాలుతరు, జారేది అప్పుడే. పాదం మొత్తం బండకు ఆనాలె, బరువు పాదాల మీదనే ఉండాలె, అడుగులు చిన్నగ. వాలు ఎక్కువైతే అడ్డంగ, వంకర టింకరగ దిగాలె. బూట్లకు మెత్తటి రబ్బరు అడుగు ఉండాలె, అరిగిన జత వద్దు.

మట్టి బాట మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తవు, బండల మీద రెండే లెక్క పెట్టు. ఆరు కిలోమీటర్లకు మూడు గంటలు, దాని మీద గంటన్నర చేతిల ఉంచుకో. డిసెంబర్ల అయిదుమ్ముప్పావు కాకముందే పొద్దు గుంకుతది, కాబట్టి ఎక్కడున్నా ఒంటిగంటకు వెనుకకు మళ్లాలె. బండ మీద అడుగుజాడ పడదు. ఎక్కినకాడ ఫోన్ల గుర్తు పెట్టుకో, మ్యాప్ ఇంట్లనే డౌన్‌లోడ్ చేసుకో. పది నిమిషాలకోసారి వెనుకకు తిరిగి ఫోటో తియ్యి, వచ్చేటప్పుడు కనబడేది ఆ దిక్కే.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, అందుల ఒక లీటరుకు ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి మొత్తం కలుపు. సగం అయిపోతే మిగిలింది తిరుగు దారికే. దొనలల్ల, అంటే బండ గుంటలల్ల, నిలిచిన నీళ్ల మీద ఆశ పెట్టుకోకు, వాటిల చేతులు, మొఖం కడుగొద్దు కూడ. ఆ గుంటనే నమ్ముకున్న జీవాలు ఉంటయి. తిండికి సర్వపిండి, పల్లిపట్టీలు చాలు. ఒక్కొక్కరికి టార్చి, ఈల ఉండాలె.

బండ చూరు కింద పెద్ద తేనెపట్టు కనబడితే అత్తరు, పొగ, కేకలు బంద్. ఈగలు లేస్తే కొట్టకండ్రి, మొఖం కప్పుకొని ఉరకాలె. గుహలల్ల ఎలుగుబంట్లు ఉండొచ్చు, దూరం నుంచే మాట్లాడుకుంట పోతే అవే తప్పుకుంటయి. సందులల్ల చూడకుంట చెయ్యి పెట్టొద్దు, రక్తపింజర ఉంటది. ఉరుము వినబడితే ఫోటోల పని ఆపి దిగుడే.

గుహలల్ల పాతకాలం బొమ్మలున్నయి. ఫోటోల రంగు మంచిగ పడాలని వాటి మీద నీళ్లు చల్లే తెలివిగల్లోళ్లు ఉంటరు, మీరు ముట్టను కూడ ముట్టొద్దు. పోయే ముందు అటవీ శాఖోళ్లను అడిగి అనుమతి సంగతి తేల్చుకో. దారి తెలిసిన ఊరాయనను వెంట తీసుకపోతే ఇచ్చే కూలికి గీసులాడకు.

మీ పేర్లు, ఏ దిక్కు ఎక్కి ఏ దిక్కు దిగుతరో కాయితం మీద రాసి దాని ఫోటో ముందు రోజే నాకు పంపు. అక్కడ సిగ్నల్ మీద భరోసా లేదు, అందుకని రోడ్డెక్కంగనే ముందుగల ఫోన్ చెయ్యాలె, ఛాయ్ తాగుడు ఆ తర్వాతనే. సాయంత్రం 7 గంటల దాక చూస్త, ఫోన్ రాకుంటే 112కు చేస్త.

ఇట్లు,
మీ మామ,
హన్మకొండ