వ్యాయామం మొదలుపెట్టిన ప్రతిసారీ ఇరవై రోజులకే ఆగిపోతోంది. మోటివేషన్ నిలబడాలంటే ఏం చేయాలి?

ఏడాదిలో మూడుసార్లు జిమ్ ఫీజు కట్టానని, ప్రతిసారీ ఇరవై రోజులకే మానేశానని, ఒక్క రోజు తప్పితే ఇక వెళ్లబుద్ధి కావట్లేదని రాశారు. ఆ ఒక్క రోజు సంగతే నన్ను కూడా చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అందుకే రాస్తున్నాను.

నాది విజయవాడ, సింగ్ నగర్. వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. వయసు 46. 2023 సంక్రాంతి వెళ్లాక రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు లెక్క. మా అమ్మ షుగర్ వల్లే కాలి వేలు పోగొట్టుకుంది. ఆ రిపోర్టు చూసి గుండె జారిపోయింది. మర్నాటి నుంచే రోజుకి గంట నడవడం మొదలుపెట్టాను. పన్నెండో రోజుకి ఆగిపోయింది. అంత భయం కూడా నన్ను రెండు వారాలు నడిపించలేదు.

మళ్లీ మొదలుపెట్టించింది మా పక్కింటి వదినగారు. "గంట సంగతి తర్వాత చూద్దాం. కుళాయి కట్టేశాక సందు చివర కిరాణా కొట్టు దాకా రా" అన్నారు. మాకు మునిసిపాలిటీ నీళ్లు తెల్లవారుజామున వస్తాయి. ఎంత నిద్ర ముంచుకొచ్చినా నీళ్లు పట్టడానికి లేవక తప్పదు. డ్రమ్ము నిండి, రెండు బిందెలూ నిండి, కుళాయి కట్టేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని షూ వేసుకునేదాన్ని. సాక్సులు రాత్రే షూలో దోపి గుమ్మం పక్కన పెట్టుకునేదాన్ని. కొట్టు దాకా వెళ్లాక తిరిగి రావాలనిపిస్తే వచ్చేయొచ్చు, అదీ లెక్కలోకే వస్తుందని ఒప్పందం. అలా వెనక్కి వచ్చిన రోజులు చాలా తక్కువ. ఎక్కువగా బసవపున్నయ్య స్టేడియం దాకా వెళ్లి నాలుగు రౌండ్లు తిరిగే వచ్చేవాళ్లం.

కాబట్టి మీరూ ఎలాగూ చేసే పని ఒకటి చూసుకుని, నడకని దాని వెనకాల కట్టేయండి. ఇల్లు గుణదలలో, జిమ్ బెంజి సర్కిల్ దగ్గర అన్నారు. ఆఫీసు నుంచి వచ్చి, సాయంత్రం ఏడింటి ట్రాఫిక్‌లో మళ్లీ బండి తీయాలంటే ఎవరికైనా కష్టమే. అది మీ బద్ధకం అని నేననుకోను. ఇంటి దగ్గర దొరికేదాంతో మొదలుపెట్టండి.

ఇక అసలు విషయం. నడిచిన రోజల్లా గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేదాన్ని. 2024 ఆగస్టు ఆఖరుకి ఏడాదిన్నర దాటింది, మధ్యలో తప్పినవి పదో పన్నెండో. సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా మీదికి వచ్చింది. ఇంట్లో ఛాతీ లోతు నీళ్లు. మేడ మీది వాళ్లింట్లో తలదాచుకున్నాం. పాల ప్యాకెట్లు, మంచినీళ్లు పడవల్లో వచ్చేవి. నీళ్లు తీశాక కిందికి దిగితే బీరువా వెల్లకిలా పడి ఉంది, క్యాలెండర్ గోడకి పేస్టులా అంటుకుపోయింది. షూ ఒకటే దొరికింది, దాన్నిండా బురద.

ఐదు వారాలు నడక లేదు. శుభ్రం చేసుకోవడానికే ఒంట్లో ఓపిక చాలలేదు, అది సరే. అది అయ్యాక కూడా వెళ్లలేదు. అంతా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలా అన్న దిగులు. మీరు రాసిన "వెళ్లబుద్ధి కావట్లేదు" సరిగ్గా ఇదేననుకుంటాను. ఆ సున్నాల వరుస ఎంత పొడుగైతే, అది తెగినప్పుడు అంత నీరసం వస్తుంది.

కుళాయి నీళ్లు మళ్లీ మామూలుగా రావడం మొదలయ్యాక ఒకరోజు వదినగారు గేటు దగ్గర నిలబడి "కొట్టు దాకా" అన్నారు. వాళ్లిల్లూ మునిగిందే. రబ్బరు చెప్పులతోనే వెళ్లాను. దారికి రెండు పక్కలా తడిసిన పరుపులు, పిల్లల పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. కొట్టు తెరవలేదు, షట్టర్ మీద నీటి గీత నా భుజం దాకా ఉంది. రానూపోనూ ఏడు నిమిషాలు పట్టింది. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. మర్నాడు మళ్లీ వెళ్లాను.

అప్పటి నుంచి వరసగా ఎన్ని రోజులు నడిచానో లెక్కపెట్టడం మానేశాను. ఆగితే ఎన్ని రోజులకి తిరిగి వచ్చానో అదొక్కటే చూస్తాను. రెండు రోజులు పోయినా ఫరవాలేదు, మూడో రోజు మాత్రం కొట్టు దాకా వెళ్లాల్సిందే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పడుతుందని తేల్చారు. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పట్టేలా ఉందని లెక్క వచ్చింది. మధ్యలో ఒక్క రోజు తప్పడం వల్ల అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా చూశారు. అంటే మీరు మూడుసార్లూ అలవాటు ఇంకా కుదురుకోకముందే ఓడిపోయానని తేల్చేసుకున్నారు.

ఎండాకాలం గురించి ఒక మాట. రోహిణి కార్తెలో మన బెజవాడలో పొద్దున్న ఏడింటికే ఒళ్లు కాలుతుంది. ఆ రోజుల్లో నేను రాత్రి భోజనం అయ్యాక మేడ మీద పదిహేను నిమిషాలు తిరుగుతాను. తిన్న తర్వాత నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరని వాడుకుంటాయి కాబట్టి షుగర్ భయం ఉన్నవాళ్లకి అది మరీ మంచిది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దాన్ని ముక్కలు చేసుకుని నడిచినా లెక్కే.

బరువు రోజూ చూసుకోకండి. మొదటి రెండు నెలల్లో నాకు తగ్గింది ఒక్క కిలో. దాన్నే చూస్తూ కూర్చుంటే మానేసేదాన్నే. కానీ మా షాపు మూడో అంతస్తులో ఉంది. రెండో అంతస్తు మలుపులో గోడకి చేయి ఆనించి ఆయాసం తీర్చుకునేదాన్ని. ఒకరోజు చేతిలో చీరల కట్టతో పైదాకా వెళ్లి, టేబుల్ మీద పెట్టాక గానీ తెలియలేదు, ఆగకుండానే ఎక్కానని. ఆ ఏడాది దసరాకి మూలా నక్షత్రం రోజు కొండ మీద క్యూలో నాలుగు గంటలు నిలబడి అమ్మవారిని చూశాను. మూడు నెలల షుగర్ ఇప్పుడు 5.8 ఉంది.

మోకాలు నొప్పి అని కూడా రాశారు. కొత్తగా మొదలుపెట్టినప్పుడు తొడలు, పిక్కలు కొన్ని రోజులు పట్టేయడం మామూలే, తర్వాత సర్దుకుంటాయి. నొప్పి కీలులోనే ఉన్నా, వాపు కనిపించినా నడక ఆపి ఎముకల డాక్టరుకి చూపించుకోండి. తగ్గాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒకేసారి గంట నడక జోలికి పోకండి, మీ సందు చివరిదాకానే వెళ్లి రండి.