రాజుకు లెక్క అడగవచ్చా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువభాగం ప్రభుత్వం, వ్యాపారం చుట్టూనే తిరిగాయి. నేను వేదాంత పండితుణ్ణి కాను. ఉద్యోగకాలమంతా ఆడిట్ పనిలో గడిపాను. అందుకేనేమో, బైబిల్లో డబ్బు, తూకం, రాజు ఖజానా కనబడితే నా వేలు అక్కడ ఆగిపోతుంది. ఈ జవాబులు ఆ అలవాటు నుంచి వచ్చినవే.

ప్రశ్న: రోమా 13 అధికారులకు లోబడమంటుంది. మరి ప్రభుత్వాధికారానికి హద్దులుండాలని విశ్వాసి వాదించవచ్చా? – ఒక యువ సహోదరుడు

వాదించవచ్చు తమ్ముడూ. “నీకు మేలు కలుగుటకై అధికారులు దేవుని పరిచారకులు” అని అదే అధ్యాయంలో ఉంది. అధికారికి పైన యజమాని ఉన్నాడు, అప్పగించిన పని ఉంది: చెడు చేసినవాణ్ణి శిక్షించటం, మంచి చేసినవాణ్ణి మెచ్చుకోవటం. పన్ను కట్టమని కూడా పౌలు అక్కడే చెప్పాడు, దాన్ని దాటెయ్యొద్దు.

రోమా సంఘానికి ఆ ఉత్తరం రాసిన పౌలు అధికారుల ముందు ఎలా నడుచుకున్నాడో చూడు. ఫిలిప్పీలో ఆయన్నీ తోడున్న సీలనూ విచారణ లేకుండా అందరి ముందూ కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లవారాక, వెళ్ళిపొమ్మని కబురంపారు. పౌలు కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టి, ఇప్పుడు గుట్టుగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు (అపొ. కార్య. 16:37). యెరూషలేములో కొరడా దెబ్బలకు కట్టేస్తుంటే, శిక్ష విధించకుండా రోమీయుణ్ణి కొట్టటానికి చట్టం ఒప్పుతుందా అని శతాధిపతిని అడిగాడు. రోమా అధిపతి ఫేస్తు ఎదుట ఏకంగా కైసరుకే, అంటే చక్రవర్తికే, చెప్పుకుంటానన్నాడు. అప్పటి కైసరు నీరో. ఇంతా చేసిన పౌలు మీద తిరుగుబాటుదారుడని ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇశ్రాయేలుకు రాజు రాకముందే రాజు హద్దులు రాసిపెట్టి ఉన్నాయి, ద్వితీయోపదేశకాండము 17 చూడు. గుర్రాలు పెంచుకోకూడదు, భార్యలను పెంచుకోకూడదు, వెండి బంగారాలు విస్తారంగా కూడబెట్టకూడదు. ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని బ్రతికినన్నాళ్ళూ చదువుకోవాలి. సొలొమోను రాజు ఆ మూడు గీతలూ దాటాడు. రథాలు 1,400, రాణులు 700, ఒక్క ఏడాదిలో వచ్చిన బంగారం 666 తలాంతులు. లెబానోనుకు వెట్టికి పంపినవాళ్ళు 30,000 మంది. కొడుకు రెహబాము దగ్గరికి జనం వచ్చి బరువు తగ్గించమంటే, ఇంకా పెంచుతానన్నాడు. వెట్టిపనివారి మీద అధికారియైన అదోరామును రాళ్ళతో కొట్టి చంపారు, రాజ్యం రెండు ముక్కలైంది. బంగారం లెక్క, వెట్టి లెక్క, ఆఖర్న పతనం, మూడూ ఒకే గ్రంథంలో వరసగా ఉన్నాయి. అంత నిజాయితీగా రాసిన రిపోర్టు నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు.

1215లో ఇంగ్లండు రాజు జాన్ చేత మహాపత్రం (మాగ్నా కార్టా) ఒప్పించటంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ చెయ్యి ఉంది. అందులో 28వ నిబంధన నాకు ఇష్టం: రాజోద్యోగి ఎవరి ధాన్యమైనా, సరుకైనా తీసుకుంటే డబ్బు అక్కడికక్కడే చెల్లించాలి, లేదా అమ్మినవాడు ఇష్టపడి గడువివ్వాలి. అయితే సంఘం ఎప్పుడూ మంచి పక్షానే నిలిచిందని మురిసిపోకు. ఆ పత్రాన్ని అదే ఏడాది రద్దు చేసింది పోపు మూడవ ఇన్నోసెంటే. 1644లో స్కాట్లండు పాస్టరు శామ్యూల్ రూథర్‌ఫర్డ్, చట్టం రాజుకన్నా పైదని ఒక గ్రంథమే రాశాడు. 1660లో రాచరికం తిరిగొచ్చాక దాన్ని తగలబెట్టారు. రాజద్రోహ నేరం మీద ఆయనకు పిలుపు వచ్చింది గానీ, విచారణకు ముందే 1661లో కన్నుమూశాడు.

ప్రశ్న: ఆది సంఘం ఆస్తులన్నీ ఉమ్మడిగా ఉంచుకుంది. అలాంటప్పుడు సొంత ఆస్తి, స్వేచ్ఛా వ్యాపారం క్రైస్తవానికి పరాయివి కావా? – ఒక కళాశాల విద్యార్థిని

అమ్మా, అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం దగ్గర ఆగకుండా 5వది కూడా చదువు. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, అంతా ఇచ్చినట్టు నటించిన అననీయను పేతురు నిలదీసింది అబద్ధమాడినందుకు. పొలం నీ దగ్గరున్నప్పుడు నీదే కదా, అమ్మాక ఆ డబ్బు కూడా నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. బర్నబా పొలం అమ్మి తెచ్చి పెట్టాడంటే ఏ అధికారీ జప్తు చెయ్యలేదు, మనసు కరిగి ఇచ్చాడు. తనది కానిదాన్ని ఎవడూ దానం చెయ్యలేడు.

నాబోతు సంగతీ గుర్తుచేసుకో. అతని ద్రాక్షతోట కోరిన రాజు అహాబు మొదట దౌర్జన్యం చెయ్యలేదు. ఇంతకన్నా మంచి ద్రాక్షతోట ఇస్తాను, కావాలంటే వెల ఇస్తాను అన్నాడు. నాబోతు తన పిత్రార్జితం ఇవ్వనన్నాడు. తర్వాత నాబోతును చంపించటానికి రాణి యెజెబెలు చేయించిన పనిని గమనించు: రాజముద్ర వేసిన ఉత్తరం, పెద్దల సమావేశం, ఇద్దరు దొంగ సాక్షులు, తీర్పు, అమలు. ఫైలు తిరగేస్తే ఎక్కడా లోటు కనబడదు. అందుకే ఎన్నికలు, చట్టం, కోర్టు ఉన్నాయన్న కబురు ఒక్కటీ నాకు ధైర్యమివ్వదు. ప్రభుత్వం కాదనలేని హక్కు పౌరుడికి ఏదైనా ఉందా అని ముందు చూస్తాను.

ప్రశ్న: మత్తయి 20లో యజమాని “నా సొంత సొమ్ము నా ఇష్టం” అన్నట్టు మాట్లాడాడు. ఇది కూలి చట్టాలకు వ్యతిరేక వాక్యమేనా? – ఒక వ్యాపారి

కాదండీ. అది కృపను గురించిన ఉపమానం. పైగా ఆ యజమాని ఆఖరి గంటకు వచ్చినవాడికి కూడా పూర్తి రోజు కూలి, ఒక దేనారం, ఇచ్చాడు. ఆ వాక్యాన్ని ఎత్తి చూపేవాళ్ళెవరూ అంత దూరం వెళ్ళగా నేను చూడలేదు.

ప్రశ్న: యోసేపు ధాన్యం నిలవ చేసి దేశాన్ని బ్రతికించాడు. ప్రభుత్వం చేతిలో అన్నీ ఉండటమే మేలని ఇది చూపటం లేదా? – ఒక ఉపాధ్యాయురాలు

నాకు వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఇదే. యోసేపు ప్రాణాలు కాపాడాడు, అందులో సందేహం లేదు. కరువు, వరద, యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వానికి పెద్ద పనే ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆదికాండము 47 నెమ్మదిగా చదవండి. మొదట జనం దగ్గర డబ్బు అయిపోయింది. తర్వాత పశువులిచ్చారు. మరుసటి ఏడు, మా దేహాలూ పొలాలూ తప్ప ఏమీ మిగల్లేదని వాటినీ ఇచ్చి ఫరోకు దాసులయ్యారు. పంటలో అయిదో వంతు శాశ్వత కట్టడ అయింది. పూజారుల భూములు మాత్రం ముట్టుకోలేదు. మినహాయింపుల జాబితా ఆనాటికే ఉందన్నమాట!

జనం కృతజ్ఞులై, మమ్మల్ని బ్రతికించావు అన్నారు. నిజమే. అయితే నిర్గమకాండము మొదటి అధ్యాయానికి వచ్చేసరికి యోసేపును ఎరుగని రాజు సింహాసనమెక్కాడు. దేశం అంతా సింహాసనం కింద ఉండటం అలాగే ఉంది, దాన్ని నడిపే మంచివాడు లేడు. యోసేపు సొంత వంశస్థులే పీతోము, రామెసేసు అనే ధాన్యాగార పట్టణాలు కట్టే వెట్టివాళ్ళయ్యారు. అధికారం ఇచ్చేటప్పుడు ఇప్పుడున్నవాడి ముఖం చూసి ఇస్తాం. అది ఆ కుర్చీకి అతుక్కుపోయి తర్వాతివాడి చేతికి వెళ్తుంది. ఏ పార్టీకి ఓటు వేసేవారైనా సరే, మీకు నచ్చని నాయకుడి చేతిలో ఆ చట్టాన్ని ఊహించుకుని అప్పుడు బలపరచండి.

ప్రశ్న: ప్రభుత్వాన్ని అంతగా అనుమానించే మీరు వ్యాపారి దురాశను ఎందుకు వదిలేస్తారు? – పేరు వద్దన్న పాఠకుడు

వదల్లేదు సార్. రాజును పాపి అని నమ్మినప్పుడు వ్యాపారి ఒక్కడే నీతిమంతుడెలా అవుతాడు? దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతలు చెప్పింది. కొలత తగ్గించి ధర పెంచేవాళ్ళను ఆమోసు తిట్టిన తిట్లు 8వ అధ్యాయంలో ఉన్నాయి. పొలం మూలలు బీదలకు వదలమనీ, యాభయ్యో ఏట భూమి పాత కుటుంబానికి తిరిగి చేరాలనీ లేవీయకాండము శాసించింది. కాబట్టి నేటి మార్కెట్టును అచ్చంగా బైబిల్లోంచి ఎత్తి రాశారనేవాళ్ళతో నాకు పొత్తు లేదు.

బానిస వ్యాపారం లాభసాటి వ్యాపారమే. ప్రకటన 18లో బబులోను సరుకుల జాబితా ఉంది: బంగారం, పట్టుబట్టలు, దాల్చినచెక్క, గోధుమలు, పశువులు, చివర్న మనుషుల ప్రాణాలు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్, ఆయన మిత్రులు ఏళ్ళతరబడి పోరాడాక 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఆ చట్టాన్ని స్వేచ్ఛా వ్యాపారానికి సంకెళ్ళని నేను అనను, మనిషిని దొంగిలించటాన్ని ఆపటం ప్రభుత్వానికి దేవుడిచ్చిన పనే. 1833లో దాస్యాన్నే రద్దు చేసినప్పుడు మాత్రం పార్లమెంటు 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు కేటాయించింది. దాసులకు ఒక్క పెన్నీ రాలేదు. ఆ పద్దు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ప్రశ్న: సంఘంలో కానుకల లెక్క అడిగితే “అభిషిక్తుణ్ణి ముట్టవద్దు” అంటున్నారు. ఏం చెయ్యాలి? – ఒక సహోదరి

వారు చెప్పే వాక్యం 105వ కీర్తనలోది. దాని ముందు వచనం కూడా చదివి వినిపించమ్మా. గుడారాల్లో తిరిగే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల మీద చెయ్యి వెయ్యొద్దని దేవుడు రాజులను గద్దించిన మాట అది. అధికారంలో ఉన్నవాణ్ణి కాపాడటానికి దాన్ని వాడితే అర్థం తలకిందులవుతుంది. ఇశ్రాయేలును నడిపిన ప్రవక్త సమూయేలు వృద్ధాప్యంలో జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి చేతనైనా లంచం తీసుకున్నానా, చెప్పండి అని తానే అడిగాడు. యోవాషు రాజు కాలంలో మందిరపు పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖికుడూ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టారు, ఒక్కరే కాదు (2 రాజులు 12:10). ఈ రెండు భాగాలూ పెద్దల ముందు చదివి, కానుకల పెట్టె తెరిచేటప్పుడు కుటుంబ సంబంధం లేని ఇద్దరు ఉండాలని, వారి సంతకాలతో లెక్క సంఘానికి చూపించాలని తీర్మానం కోరండి.