గురక తగ్గాలని దవడకు ప్లేటు పెట్టిస్తున్నారా? ముందు నిద్ర పరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు పద్నాలుగో ఏడు నడుస్తోంది. తొమ్మిదో తరగతి. పై పళ్లు ముందుకొచ్చాయి, కింది దవడ లోపలికి ఉంటుంది. రాత్రి నోరు తెరుచుకునే నిద్రపోతాడు, గురక పెడతాడు. మధ్యలో గురక కాసేపు ఆగి, ఉలిక్కిపడ్డట్టు కదిలి మళ్లీ మొదలవుతుంది. పొద్దున లేవగానే తలనొప్పి అంటాడు. క్లాసులో కునికిపాట్లు పడుతున్నాడని టీచర్ చెప్పారు. పళ్ల డాక్టర్ గారు అంగిలిని వెడల్పు చేసే ప్లేటు, తర్వాత కింది దవడను ముందుకు తెచ్చే ప్లేటు పెడితే గురక కూడా పోతుందన్నారు. అవసరమైతే రెండు పళ్లు తీస్తామన్నారు. పళ్లు తీయిస్తే గాలి దారి ఇరుకైపోతుందని వీడియోల్లో చూశాం. తీయించవచ్చా? ఖర్చు ఎంతవుతుంది? పదో తరగతి పరీక్షలయ్యే దాకా ఆగవచ్చా? ముక్కు దిబ్బడకు మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు ఆరు నెలలుగా రాత్రిపూట వేస్తున్నాం, అలర్జీ బిళ్ల కూడా ఇస్తున్నాం.
– ఒక తల్లి, నరసరావుపేట

సమాధానం: అమ్మా, మీరు ఎక్కువగా పళ్ల గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో భయం కలిగించినవి వేరే ఉన్నాయి. గురక మధ్యలో ఆగిపోవడం, పొద్దున్నే తలనొప్పి, క్లాసులో కునుకు. ఈ మూడూ ఒకే పిల్లవాడిలో కనిపిస్తే నిద్రలో శ్వాస ఆగుతోందేమోనని అనుమానించాలి. దీన్నే స్లీప్ ఆప్నియా అంటాం. బాబును చూడకుండా ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. పరీక్ష చేయించకుండా వదిలేసే విషయం మాత్రం కాదు.

మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు బిగువుగా ఉండి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవుతాయి. దారి ముందే ఇరుకుగా ఉన్న పిల్లల్లో అది మూసుకుపోతుంది. ఛాతీ గాలి కోసం కొట్టుకుంటుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఒక్క క్షణం మేలుకొని దారి తెరుస్తుంది. మీకు ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తున్నది అదే కావచ్చు. పెద్దల్లో గంటకు ఐదు సార్లు, అంతకన్నా ఎక్కువ ఇలా జరిగితే జబ్బుగా లెక్కిస్తాం. పిల్లల్లో గంటకు ఒక్కసారి దాటినా మామూలుగా తీసుకోం. మీవాడి వయసు ఈ రెండు లెక్కలకూ మధ్యలో ఉంటుంది కాబట్టి రిపోర్టు చదివే డాక్టర్ ఏ లెక్కన చెబుతున్నారో అడిగి తెలుసుకోండి.

పళ్ల సంగతికి వెళ్లే ముందు చుక్కల మందు గురించి మాట్లాడాలి. ఆరు నెలలా అమ్మా! ముక్కు వెంటనే తెరుచుకునే చుక్కల్లో సాధారణంగా ఉండేది జైలోమెటాజోలిన్ లేదా ఆక్సీమెటాజోలిన్. ఇవి ముక్కులోని రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడాల్సిన మందులివి. అంతకు మించితే మందు ప్రభావం దిగగానే ముక్కు లోపలి పొర మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. ఇప్పుడు బాబు ముక్కు మూసుకుపోవడానికి అసలు జబ్బు ఎంత కారణమో, ఈ చుక్కలు ఎంత కారణమో ఎవరూ తేల్చలేని స్థితి వచ్చి ఉండవచ్చు. ముక్కు మూసుకుంటే నోటితో పీలుస్తాడు, నోరు తెరిస్తే దవడ, నాలుక వెనక్కి జారతాయి, గురక పెరుగుతుంది. మీరు ప్లేటు పెట్టించి తగ్గించాలనుకుంటున్న గురకలో కొంత భాగం మెడికల్ షాపు నుంచి తెచ్చుకున్నదే అయి ఉండవచ్చు.

ప్రేమతోనే వేశారని నాకు తెలుసు. షాపులో అడగ్గానే ఇచ్చిన మందు కాబట్టి ప్రమాదం ఉండదనుకోవడమే పొరపాటు. మానేశాక కొన్ని రోజులు ముక్కు బిగుసుకుపోయి ఇబ్బంది పడతాడు. అందుకే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిసి, అవసరమైతే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ఉప్పునీటి స్ప్రేతో కడుగుతూ చుక్కలు ఆపించండి. స్ప్రేలోని స్టెరాయిడ్ మోతాదు చాలా తక్కువ. స్టెరాయిడ్ అనగానే భయపడి దాన్ని వద్దని, ఈ చుక్కలనే పట్టుకొని ఉండే తల్లిదండ్రులను రోజూ చూస్తుంటాను.

అలర్జీ బిళ్ల స్ట్రిప్ మీద పేరు చదవండి. మాంటెలుకాస్ట్ అని ఉంటే, అది కొందరు పిల్లల్లో చిరాకు, పీడకలలు, దిగులు, అరుదుగా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు కలిగించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఉబ్బసానికి డాక్టర్ రాసి ఉంటే సొంతంగా ఆపొద్దు. ఎవరూ రాయకుండా నెలల తరబడి ఇస్తుంటే ఈ వారమే పిల్లల డాక్టర్‌కు చూపించండి. బాబు స్వభావంలో మార్పేమైనా గమనిస్తే అదీ దాచకుండా చెప్పండి. కొన్ని అలర్జీ బిళ్లలు పగలు మత్తుగా ఉంచుతాయి, క్లాసులో కునుకుకు అదీ ఒక కారణం కావచ్చు. ఇంకొక మాట. నిద్రలో నోటికి టేపు అంటించమనే వీడియోలు తిరుగుతున్నాయి. ముక్కు మూసుకుపోయిన పిల్లవాడికి ఆ పని పొరపాటున కూడా చేయవద్దు.

ఈఎన్‌టీ డాక్టర్ టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, ముక్కు దూలం వంకర, అలర్జీ చూస్తారు. అడినాయిడ్స్ యుక్తవయసుకు సాధారణంగా కుంచించుకుపోతాయి. అందరిలోనూ కాదు. బరువు, మెడ చుట్టుకొలత, బీపీ కూడా కొలవాలి. మీరు బరువు రాయలేదు. ఈ వయసులో ఊబకాయం ఉంటే స్లీప్ ఆప్నియాకు అదే పెద్ద కారణం అవుతుంది, అప్పుడు దవడ ఒక్కటీ సరిచేసి ప్రయోజనం ఉండదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ బాగా పెద్దవైతే మొదటి వైద్యం సాధారణంగా ఆపరేషనే. 2013లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిని చూశారు. ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో 79 శాతం మందికి, చేయించుకోకుండా ఆగిన వాళ్లలో 46 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. మీవాడు పెద్దవాడు కాబట్టి ఈ అంకెలు అతనికి అచ్చంగా వర్తించవు. ఆపరేషన్ అయినా అందరికీ పూర్తిగా నయం కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక నిద్ర పరీక్ష, అంటే స్లీప్ స్టడీ. ఒక్క రాత్రి ఆసుపత్రిలో పడుకోవాలి, పక్కన మీరూ ఉండొచ్చు. తలకు, ఛాతీకి తీగలు అంటిస్తారు, వేలికి ఆక్సిజన్ క్లిప్ పెడతారు. సూదులు ఉండవు. గుంటూరు, విజయవాడల్లో పెద్ద ఆసుపత్రుల్లో అడిగి చూడండి, పిల్లల రిపోర్టులు చదవడంలో అనుభవం ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇంటికి పంపే చిన్న యంత్రాలు పెద్దవాళ్లకు పనికొచ్చినంతగా పిల్లలకు పనికిరావు. పళ్ల క్లినిక్‌లో తీసే త్రీడీ స్కాన్ చూపించి "గాలి దారి ఇంత ఇరుకుంది, ఆప్నియా ఉంది" అని చెబితే ఒప్పుకోకండి. ఆ స్కాన్ తీసేటప్పుడు బాబు మెలకువగా ఉంటాడు. నిద్రలో ఏం జరుగుతోందో అది చెప్పదు.

ప్లేట్ల విషయంలో మీ పళ్ల డాక్టర్ గారు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. అంగిలి మధ్యలో రెండు ఎముకలు కలిసే అతుకు ఉంటుంది. వెడల్పు చేసే ప్లేటులోని స్క్రూను చిన్న తాళంచెవితో ఒక్కసారి తిప్పితే సుమారు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. కొన్ని వారాల్లో ముందు పళ్ల మధ్య సందు కూడా వస్తుంది. కంగారుపడకండి, రావాల్సిందే. అంగిలి పైభాగమే ముక్కుకు నేల. అది వెడల్పయితే ముక్కులో దారి కూడా కొంత పెరుగుతుంది. 2004లో ఇటలీ డాక్టర్లు, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ నిద్ర వైద్యుడు క్రిస్టియన్ గిల్లెమినో కలిసి 31 మంది పిల్లల్లో ఇలా చేస్తే శ్వాస ఆగడం బాగా తగ్గిందని ప్రచురించారు. ఆ 31 మందికీ అంగిలి ఇరుకుగా ఉంది, టాన్సిల్స్, అడినాయిడ్స్ వాపు మాత్రం లేదు. అంటే ఎంపిక చేసిన పిల్లలు. మీవాడి అంగిలి నిజంగా ఇరుకో కాదో మీరు రాయలేదు. ఇరుకు లేని అంగిలిని గురక కోసమని వెడల్పు చేయించకూడదు.

కింది దవడను ముందుకు తెచ్చే ప్లేటు, అంటే ట్విన్ బ్లాక్ లాంటివి, ఎదిగే వయసులోనే పనిచేస్తాయి. భోజనం చేసేటప్పుడు కూడా తీయకుండా రోజంతా పెట్టుకోవాలి, నెలల తరబడి. నిజానికి ఎముకలో వచ్చే అదనపు ఎదుగుదల ఒకటి రెండు మిల్లీమీటర్లే, మిగతా మార్పు ఎక్కువగా పళ్లు వంగడం వల్ల వస్తుంది. ఎత్తు పళ్లకు ఇది మంచి వైద్యమే. స్లీప్ ఆప్నియాకు మాత్రం ఇలాంటి పరికరాల మీద ఆధారాలు చాలవని 2016లో కోక్రేన్ సమీక్ష (ఒక వైద్యం మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించేది) తేల్చింది. ఆర్థోడాంటిస్టులు, అంటే పళ్లు, దవడల వరస సరిచేసే డాక్టర్లు, ఆప్నియా అనుమానం వస్తే గుర్తించి నిద్ర వైద్యులకు పంపాలని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం కూడా 2019లో తమ డాక్టర్లకు సూచించింది. నేను కోరుతున్నదీ అదే. ప్లేటు పెట్టండి, కానీ అది గురకకు మందు అని నమ్మి, ఆ నమ్మకంతో నిద్ర పరీక్ష మానేయకండి. ప్లేటు పెట్టాక చప్పుడు తగ్గి శ్వాస ఆగడం మాత్రం కొనసాగే పిల్లలుంటారు. ఇంట్లో అందరూ తగ్గిందనుకుంటారు, నాకు అదే ఎక్కువ భయం.

పళ్లు తీయించే భయం ఎక్కువగా వీడియోల వల్ల వచ్చినదే. అమెరికాలో 2015లో సుమారు 5,500 మంది రికార్డులు పోల్చి చూస్తే, క్లిప్పుల కోసం తీసే పళ్లు (ముందు మధ్య నుంచి లెక్కిస్తే నాలుగోవి, ఐదోవి) లేని వాళ్లలో ఆప్నియా ఎక్కువేమీ కనిపించలేదు. పళ్లు తీయాలా వద్దా అన్నది చోటు, పెదవుల ఆకారం బట్టి మీ ఆర్థోడాంటిస్ట్ నిర్ణయిస్తారు. ఒక్కటి మాత్రం ఆయనతో చెప్పండి. దవడ ఇప్పటికే వెనక ఉంది, నిద్రలో శ్వాస అనుమానం ఉంది, కాబట్టి పై పళ్లను బాగా వెనక్కి లాగే ప్లాన్ వేసేటప్పుడు నిద్ర రిపోర్టు చూశాకే వేయమనండి.

పదో తరగతి అయ్యేదాకా ఆగవచ్చా అన్నారు. ఆగొద్దు. మగపిల్లల్లో ఎదుగుదల వేగం సాధారణంగా 13, 14 ఏళ్ల దగ్గర ఉంటుంది. గొంతు మారుతోందా, చకచకా పొడుగవుతున్నాడా చూడండి. దవడ ప్లేటు పని చేసే కాలం ఇదే. అంగిలి అతుకు కూడా గట్టిపడిపోయాక ఎముకలోకి చిన్న స్క్రూలు దించి వెడల్పు చేయాల్సి వస్తుంది, ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్. కింది దవడ ఆపరేషన్ అయితే ఎదుగుదల పూర్తయ్యేదాకా సాధారణంగా ఆగుతాం. చదువు కోసమే ఆగుతున్నామని చాలామంది అంటారు. నిద్ర చెడిన పిల్లవాడికి ఆ చదువు ఎలా తలకెక్కుతుంది చెప్పండి? ఒక్క రాత్రి నిద్ర పరీక్షకు పదో తరగతి పరీక్షలు అడ్డం కావు.

మీరు రాయని సంగతి ఇంకొకటి అడగాలి. బాబు నోరు పూర్తిగా తెరుస్తాడా? తన మూడు వేళ్లు నిలువుగా ముందు పళ్ల మధ్య పట్టాలి. పట్టకపోతే, లేదా చిన్నప్పుడు గడ్డం మీద పడ్డ దెబ్బ, చెవిలో చీము కారడం లాంటివి ఉంటే వెంటనే చెప్పండి. దవడ కీలు అతుక్కుపోవడం వల్ల కింది దవడ ఎదగకుండా ఉండిపోయే పిల్లలు మన దగ్గర ఇప్పటికీ కనిపిస్తున్నారు. వాళ్లలో ఆప్నియా తీవ్రంగా ఉంటుంది, ప్లేట్లతో కుదరదు, ముఖ దవడ శస్త్రచికిత్స నిపుణులు చూడాలి.

ఎన్ని గంటలు పడుకుంటున్నాడో కూడా చూసుకోండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. ట్యూషన్ ముగిసి పదకొండింటికి పడుకొని పొద్దున్నే ఐదింటికి లేచే పిల్లవాడు ఆప్నియా లేకపోయినా కునుకు పడతాడు. నిద్ర వేళలు, గురక, ఆగిన తీరు ఒక వారం రాసి, రాత్రిపూట ఒకటి రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి తెండి. ఛాతీ, మెడ కనపడేలా తీస్తే మేలు. నిద్రలో పెదవులు నీలంగా మారినా, లేపినా సరిగా మేలుకోకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఖర్చు ఊరిని, ప్లేటును బట్టి మారుతుంది, నేను అంకె చెప్పడం సరికాదు. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ ఆర్థోడాంటిక్స్ విభాగంలో కనుక్కోండి. ముందుగా ఈఎన్‌టీ, ఆ తర్వాత స్లీప్ స్టడీ, ఆ రిపోర్టు పట్టుకొని పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్టడీలో ఆప్నియా తేలితే, దవడ వైద్యం కానీ టాన్సిల్స్ ఆపరేషన్ కానీ పూర్తయ్యాక కొన్ని నెలలకు మళ్లీ ఒకసారి స్లీప్ స్టడీ చేయించమని ఇప్పుడే అడిగి ఫైల్లో రాయించుకోండి.