ఫ్యోర్డ్ గుర్రం కొనాలి, బండి తోలడం నేర్చుకోవాలి: ఏది ముందు?

మీరు అడిగింది ఇదీ: విస్కాన్సిన్‌లో ఐదెకరాల పచ్చిక ఉంది, పిల్లలు ఫ్యోర్డ్ గుర్రాల మీద మనసు పడ్డారు, ఒకటి కొని దానితోనే బండి తోలడం నేర్చుకోవచ్చా, మంచి గుర్రం అవునో కాదో కొత్తవాళ్ళం ఎలా పోల్చుకోవాలి అని.

ముందు తోలడం నేర్చుకోండి. అదీ వేరేవాళ్ళ గుర్రంతో, కనీసం ఒక వేసవంతా. కొనడం ఆ తర్వాతే. నేను మిన్నెసోటాలో ఆరేళ్ళుగా ఈ గుర్రాలతో ఉన్నాను. నేను మాత్రం ముందు కొన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫ్యోర్డ్‌తో ఉన్న చిక్కేమిటంటే, కొత్త కంటికి ప్రతి గుర్రమూ అందంగానే కనిపిస్తుంది. పశ్చిమ నార్వే కొండల్లో సేద్యం చేసిన జాతి ఇది. ఎత్తు 135 నుంచి 150 సెంటీమీటర్లు, బరువు సుమారు 400 నుంచి 500 కిలోలు. జూలు మధ్యలో నలుపు, రెండు పక్కలా తెలుపు. దాన్ని విల్లులా నిలబడేట్టు కత్తిరిస్తారు. ఆ నల్లచార వీపు మీదుగా తోకదాకా సాగుతుంది. నూటికి తొంభై గుర్రాలది ఒకటే గోధుమ రంగు. ఇప్పుడున్నవన్నీ 1891లో పుట్టిన న్యోల్ అనే మగ గుర్రం వంశమేనని చెబుతారు, ఆ పోలిక ఎక్కడికీ పోలేదు. జూలూ చారా చూసి డబ్బు కట్టేస్తాం. నేను కట్టింది అలాగే.

ఐదేళ్ళ మగ గుర్రం. బండికి అలవాటైందని అమ్మినవాళ్ళు చెప్పారు. బండి కట్టి చూపించమని నేను అడగలేదు. మా నాన్న సంతలో ఎద్దులను కొనేటప్పుడు సుళ్ళు, పళ్ళు చూసినా, కాడి కట్టి నాలుగడుగులు నడిపించనిదే బేరం మొదలుపెట్టేవారు కాదు. అంత చూసి పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చి అదే మర్చిపోయాను. ఇంటికి తెచ్చాక బండి కడుతుంటే, గుర్రానికి రెండు పక్కలా వచ్చే షాఫ్టు కర్ర తొడకు తగలగానే అది పక్కకు విసురుగా తిరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కర్ర మాత్రం విరిగింది. పొడవాటి పగ్గాలతో వెనక నడుస్తూ తోలడం వరకే దానికి నేర్పారని, బరువు ఎప్పుడూ లాగించలేదని తర్వాత తెలిసింది. మళ్ళీ మొదటినుంచి నేర్పడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఎనిమిది నెలలూ నేను నేర్చుకున్నది నాకు బండి తోలడం నేర్పిన టీచర్ గారి పందొమ్మిదేళ్ళ ఆడ ఫ్యోర్డ్ దగ్గర. మొదటి నెల బండి ఎక్కనివ్వలేదు, కట్టడం విప్పడమే. తల దగ్గర ఒక మనిషి ఉండాలి. పగ్గాలు ముందే ఎక్కించి చేతికందేలా పెట్టుకోవాలి. షాఫ్టులు ఉచ్చుల్లోకి దూర్చాక లాగే వార్లు తగిలించాలి, ఆఖరున పిరుదుల చుట్టూ తిరిగే బ్రీచింగ్ వారు. వాలులో బండి గుర్రం మీదికి రాకుండా ఆపే బ్రేకు అదే. విప్పేటప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి. బండిలోంచి గుర్రం పూర్తిగా బయటికి వచ్చేదాకా కళ్ళెం తీయకూడదు, ఎంత సాధువైన గుర్రానికైనా సరే. కళ్ళేనికుండే గంతలు ఒక్కసారిగా తొలగితే వెనక బండి కనబడుతుంది, అది తనను తరుముకొస్తోందని పరుగు లంకించుకుంటుంది.

తర్వాత చేతులు. మొదటిసారి రోడ్డెక్కినప్పుడు టెన్షన్‌తో పగ్గాలు బిగించి పట్టుకున్నాను. నేను లాగినకొద్దీ అది ఇంకా బలంగా ముందుకు లాగింది. ఆ మెడ బలం అలాంటిది, మనం ఆనుకుంటే అదీ ఆనుకుంటుంది. టీచర్ గారు నా వేళ్ళు ఒక్కొక్కటే వదులు చేయించి, తడి స్పాంజి పిండినట్టు కాస్త బిగించి వెంటనే వదలమన్నారు. మూడోసారికి గుర్రం నోట్లో బిట్టును, అంటే కళ్ళెం ఇనుప ముక్కను, కదుపుకోవడం పగ్గం గుండా నా ఉంగరపు వేలికి తెలిసింది. మెడ దించింది, నడక మారింది. గుర్రాన్ని అంచనా వేయడం నాకు ఆ నిమిషం నుంచే మొదలైంది. మెత్తటి నోరు ఎలా ఉంటుందో చేతికి తెలియకపోతే, అమ్మేవాళ్ళు పగ్గాలిచ్చినా మీకు ఏమీ తెలియదు.

ఇక కొనబోయే గుర్రం. నిలబడుతుందా, అది మొదటిది. బండి కట్టాక రెండు నిమిషాలు కదలకుండా నిలబడని గుర్రం మీ పిల్లలకు వద్దు. రెండోది నడక. తడి ఇసుక మీద నడిపించమనండి. వెనక గిట్ట అచ్చు ముందు గిట్ట అచ్చు మీద గానీ దాన్ని దాటి గానీ పడాలి. వెనక నిలబడి కూడా చూడండి, కాళ్ళు తిన్నగా వస్తున్నాయా, పక్కకు విసురుతోందా అని.

మూడోది కొవ్వు. ఫ్యోర్డ్‌లో కొవ్వు చాలా లోపాలు దాచేస్తుంది, లావు మెడ చూసి కండ అనుకుంటాం. అరచేత్తో పక్కటెముకలు తడమండి, కాస్త నొక్కితే తగలాలి. మెడ పైఅంచు రాయిలా గట్టిగా ఉంటే, గిట్టల మీద అడ్డగీతలు మడమవైపు ఎడం అవుతూ ఉంటే వెనక్కి వచ్చేయండి. అది లామినైటిస్ అనే గిట్టల వాపు జబ్బు గుర్తు.

వీలైతే కొనకముందే ఈ జాతి గుర్రాలను నమోదు చేసే నార్వేజియన్ ఫ్యోర్డ్ హార్స్ రిజిస్ట్రీ వాళ్ళు గుర్రాలకు మార్కులు వేసే ఎవాల్యుయేషన్ ఒకటి చూసి రండి. అక్కడ శరీర నిర్మాణంతో పాటు స్వారీ, బండి, బరువు లాగడం కూడా పరీక్షిస్తారు. నేను కాగితం మీద ముందు నా మార్కులు వేసుకుని, తర్వాత జడ్జీలవి చూశాను. జూలు బాగున్న గుర్రాలకు నేను ఎంత ఎక్కువ వేశానో అక్కడే తెలిసింది.

చివరిగా మీ ఐదెకరాల పచ్చిక. అది ఈ జాతికి వరం కాదు, ప్రమాదం. కొద్దిపాటి మేతతో బతకడానికి అలవాటైన ఒళ్ళు, వసంతంలో లేతగడ్డిలో వదిలేస్తే గిట్టలు పాడవుతాయి. గడ్డి లేని చిన్న దొడ్డి ఒకటి ముందే కట్టించుకోండి. మా గుర్రాన్ని మే నెలంతా మూతికి బుట్ట కట్టే బయటికి వదులుతాను, నూర్పిళ్ళప్పుడు ఎద్దులకు చిక్కం కట్టినట్టు.