ఆ లైబ్రరీ డిలీట్ చేయకు, చిన్నీ

చిన్నీకి,

నీ మెసేజ్ చూశాను. పెద్ద అప్‌డేట్ వేసినప్పటి నుంచి మ్యూజిక్ ప్లేయర్‌లో ఏది వెతికినా 8, 10 సెకన్లు పడుతోందని, 40,000 పాటల లైబ్రరీ మొత్తం తీసేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తానని రాశావు. దయచేసి ఆ పని చేయకు. నేనొకసారి చేశాను. పాటల ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ, 11 ఏళ్లుగా ఒక్కో పాటకీ ఇచ్చుకున్న రేటింగులు, ఏది ఎన్నిసార్లు విన్నానన్న లెక్క, ఎప్పుడు చేర్చానన్న తేదీ అన్నీ పోయాయి. చాలా ప్లేయర్లు వీటిని పాట ఫైల్లో రాయవు, తమ డేటాబేస్‌లోనే ఉంచుకుంటాయి. ఆ రోజు పడ్డ బాధ నీకు వద్దు.

అందుకే ముందు ప్రోగ్రామ్‌ని పూర్తిగా మూసేసి, దాని లైబ్రరీ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చెయ్. మూసేశాకే చెయ్యాలి. డేటాబేస్ ఎస్‌క్యూలైట్ అనే రకానిది అయితే తాజా మార్పులు కొన్ని అసలు ఫైల్లో కాకుండా, పక్కనే పేరు చివర "-wal" అని ఉండే ఫైల్లో ఉండొచ్చు. ఒక్క ఫైలే తీసుకుంటే అవి రావు.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద అప్‌డేట్‌లో డేటాబేస్ అమరికే మారిపోతుంటుంది. పాత ఇండెక్స్, అంటే వెతకడానికి వాడే పాటల సూచిక, కొత్తదానికి పనికిరాక, ప్రోగ్రామ్ ప్రతి పాటనీ తెరిచి ట్యాగులు (ఫైల్లో రాసి ఉండే పాట పేరు, గాయకుల పేరు వంటి వివరాలు) చదివి మళ్లీ రాసుకుంటుంది. తిరిగే హార్డ్ డిస్కులో ఒక చోటికి వెళ్లి చదవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. 40,000 ఫైళ్లకు ఒక్కసారి చొప్పున వెళ్లినా 400 సెకన్లు. కానీ ఒక్కో ఫైల్లో చాలాచోట్ల చదవాలి, ఆల్బమ్ బొమ్మలూ తీయాలి, కాబట్టి గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ పని జరుగుతుండగా నువ్వు వెతికితే రెండూ ఒకే డిస్కు కోసం కొట్టుకుంటాయి. ఒక రాత్రంతా కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసి, ప్లేయర్ తెరిచి వదిలెయ్. పొద్దున టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం చూడు. ప్లేయర్ ఇంకా డిస్కుని గట్టిగా వాడుతూనే ఉంటే పని అవ్వలేదన్నమాట.

తెల్లారాక కూడా నెమ్మదిగానే ఉంటే, ఊహించుకుంటూ కూర్చోకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకో. ఒకే మాటని వెంటవెంటనే రెండుసార్లు వెతుకు. మొదటిసారి 9 సెకన్లు, రెండోసారి 1 సెకను అయితే తప్పు డిస్కుది. డేటాబేస్‌ని ఎస్‌ఎస్‌డీలోకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కులోకి) మార్చుకో, పాటలు పాత డిస్కులోనే ఉండనీ. రెండుసార్లూ 9 పడితే ఇంటర్నెట్ ఆపి మళ్లీ చూడు. కొన్ని ప్లేయర్లు కొత్త వెర్షన్లలో నీ పాటలతో పాటు ఆన్‌లైన్ కేటలాగ్‌నీ వెతుకుతాయి, అక్కడి జవాబు వచ్చేదాకా నీ పాటల్నీ చూపించకుండా ఆపేస్తాయి. నెట్ తీయగానే చటుక్కున వస్తే దొంగ దొరికినట్టే. సెట్టింగుల్లో ఆ ఆన్‌లైన్ వెతుకులాట ఆపెయ్.

అదీ కాకపోతే 200 పాటలతో చిన్న కొత్త లైబ్రరీ పెట్టి చూడు. మ్యాక్‌లో మ్యూజిక్ యాప్‌ని ఆప్షన్ కీ పట్టుకుని, విండోస్‌లో ఐట్యూన్స్‌ని షిఫ్ట్ కీ పట్టుకుని తెరిస్తే కొత్త లైబ్రరీ పెట్టుకునే వీలుంటుంది. పాతది చెక్కు చెదరదు. 200 పాటలకే నత్తనడక అయితే లోపం ప్రోగ్రామ్‌ది, నీ పాటలది కాదు.

వెతికే పద్ధతి కూడా చూసుకో. ఇండెక్స్ నిఘంటువులాంటిది. మొదటి అక్షరం తెలిస్తే వెంటనే ఆ పేజీకి వెళతావు, మాట మధ్యలోని అక్షరాలే తెలిస్తే పుస్తకమంతా తిరగెయ్యాలి. పైగా చాలా ప్లేయర్లు నువ్వు కొట్టే ప్రతి అక్షరానికీ కొత్తగా వెతుకుతాయి. "సు" కొట్టగానే వేల పాటలు తెర మీద పేర్చడం మొదలుపెడుతుంది, అది అయ్యేదాకా "శీల" కనిపించదు. పేరంతా నోట్‌ప్యాడ్‌లో రాసి ఒక్కసారి పేస్ట్ చేసి చూడు, తేడా తెలుస్తుంది. లిరిక్స్, కామెంట్లు, ఫైల్ పాత్ (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందన్నది) వెతకొద్దని చెప్పే వీలుంటే చెప్పు. గాయకుల పేరు వరకే వెతికితే చాలాసార్లు సరిపోతుంది.

యాంటీవైరస్ తనిఖీల వల్ల వెతుకులాట నెమ్మదించకుండా, అది డేటాబేస్ ఫోల్డర్ జోలికి రాకుండా మినహాయింపు ఇవ్వొచ్చు. డౌన్‌లోడ్ల ఫోల్డర్‌కి మాత్రం ఎప్పుడూ ఇవ్వకు.

పాత వెర్షన్‌కి వెళ్లిపోదామనిపిస్తే ఒక్క మాట. కొత్త వెర్షన్ మార్చేసిన డేటాబేస్‌ని పాతది సాధారణంగా తెరవలేదు. అప్‌డేట్‌కి ముందు తీసిన బ్యాకప్ ఉంటేనే ఆ దారి. నీ దగ్గర ఉందో లేదో ఈ రాత్రే చూడు.

టెన్షన్ పడకు. కాపీ తీశాక, ఆ రెండు వెతుకులాటల సెకన్లు, నెట్ ఆపినప్పటి సెకన్లు, వెర్షన్ నంబరు నాకు పంపు. తయారీదారులకి రాయాల్సి వస్తే వాళ్లూ అడిగేవి ఇవే, ఇద్దరం కలిసి రాద్దాం.

నీ పెద్దమావయ్య